అచ్చుకు దూరమైన జిల్లాలు, ఇంటర్నెట్ తెచ్చిన మార్పు

దేవరకొండలోనో వనపర్తిలోనో కవిత రాసిన యువకుడు ఇవాళ దాన్ని అదే రాత్రి ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టి, తెల్లవారేసరికి చదివినవారి అభిప్రాయాలు చూసుకుంటున్నాడు. ఈ సౌలభ్యం ఎంత పెద్దదో తెలియాలంటే, నల్లగొండ, పాలమూరు జిల్లాల రచయితకూ అచ్చుకూ మధ్య ఒకప్పుడున్న దూరం తెలియాలి.

నిజాం పాలనలో బడిలోనూ కచేరీలోనూ ఉర్దూదే పైచేయిగా ఉన్న రోజుల్లో తెలుగు పత్రిక నడపడం సాహసమే. అయినా 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను, అదే ఏడు వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను తెచ్చారు. పాలమూరు ప్రాంతం నుంచి వెళ్లిన సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో గోలకొండ పత్రికను నడిపారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో ఆయన 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. రాసేవారు ఊరూరా ఉన్నారని, వారి రాతకు చోటు మాత్రమే కరువైందని ఆ సంచిక రుజువు చేసింది.

ఆ కరువు తర్వాత కూడా చాలాకాలం తీరలేదు. పెద్ద ప్రచురణ సంస్థలు, పత్రికా కార్యాలయాలు నగరాల్లోనే ఉండిపోయాయి. ఇక్కడి పలుకుబడితో రాసిన కథను ప్రామాణిక భాష పేరిట దిద్దడమో తిప్పి పంపడమో జరిగేది. నా దృష్టిలో ఇంటర్నెట్ ఈ నేలకు చేసిన అతి పెద్ద మేలు ఇక్కడే ఉంది: అమ్మమ్మ మాట్లాడినట్టే రాసిన వాక్యం ఎవరి కత్తెరా పడకుండా పాఠకుణ్ణి చేరుతోంది.

అయితే తెలుగు లిపి తెరమీదికి సులువుగా రాలేదు. 1998లో ఈమాట వంటి వెబ్ పత్రిక మొదలైనప్పటికి చాలామంది తెలుగును రోమన్ అక్షరాల్లోనే టైపు చేసుకునేవారు. ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ ఉంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం దక్కినా, విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే మామూలు కంప్యూటర్లలో దాని ఉపయోగం తెలిసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, ఆ తర్వాత కొన్నేళ్లకు, రోమన్ అక్షరాల్లో టైపు చేసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే లేఖిని వచ్చాయి. జిల్లాల్లో మాత్రం 2016 తర్వాత మొబైల్ డేటా చవకయ్యాకే ఇది ఇంటింటి వ్యవహారమైంది.

అయినా మరో అడ్డంకి మిగిలింది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాలు యూనికోడ్‌లో లేనందువల్ల, వాటి ఫైళ్లున్నా వెతికితే దొరకవు. పాత పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో శీర్షికలు తప్పుల తడక రోమన్ లిపిలో ఉండేవి కాబట్టి, చదవదలచిన పుస్తకం అక్కడే ఉన్నా పాఠకుడికి చిక్కేది కాదు.

గోలకొండ పత్రిక పాత సంచికలు కాగితంమీద నిలిచినందువల్లే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాటిని స్కాన్ చేయించగలిగింది. వాట్సాప్‌లో పుట్టిన కవితకు అలాంటి కాగితం లేదు. ఫోను పాడైతే, గ్రూపు మూతపడితే దానితోపాటే పోతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు స్థానిక రచయితల యూనికోడ్ ప్రతులను ఇప్పటినుంచే అడిగి తీసుకుని, రచయిత పేరు, ఊరు, తేదీలతో భద్రపరచడం అత్యవసరం.