‘ప్రోటోకాల్‌లో ఉన్నదే చేశాం’ అన్న మాట 2011లోనే చెల్లలేదు

బ్రౌజర్లు, సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి (ప్రోటోకాల్) అయిన హెచ్‌టీటీపీ 2లో సర్వర్లని పడగొట్టగల ‘మేడ్‌యూరీసెట్’ లోపం బయటపడ్డాక బెంగళూరు టీముల్లో పాత గొడవే మళ్ళీ రాజుకుంది. ప్రోటోకాల్ చెప్పినట్టే సర్వర్ చేసింది, మా కోడ్ తప్పేముంది అంటారు సర్వర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు. పడిపోయేది మేం చూసే సైట్లు, అర్ధరాత్రి ఫోన్లు మాకు అంటారు మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో ఆన్‌కాల్ చేసే మనవాళ్ళు.

ఈ తగవుకి అసలు మలుపు 2011 ఆగస్టు. సగంలో ఆగిన డౌన్‌లోడ్ మళ్ళీ అక్కడినుంచే అందుకోవడానికి బ్రౌజర్ ‘ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా పంపు’ అని అడగొచ్చు. ఎన్ని ముక్కలు అడగొచ్చో ఎవరూ హద్దు పెట్టలేదు. ఆ నెల 20న బయటికొచ్చిన చిన్న పెర్ల్ స్క్రిప్టు పట్టుకున్నది ఆ సందునే. 5 నుంచి 6 దాకా, 5 నుంచి 7 దాకా, 5 నుంచి 8 దాకా... ఇలా ఒకదాని మీద ఒకటి పడే ముక్కలు ఒకే రిక్వెస్టులో దాదాపు 1300. సైట్లు నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ పాపం అన్నిటికీ విడివిడిగా మెమరీ కేటాయించేది. అలాంటి రిక్వెస్టులు కొన్ని పదులు చాలు, ర్యామ్ నిండి మెషీన్ మొత్తం మొరాయించేది. ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉన్న ఎవరైనా చేయగలిగిన పని.

ఇది ఊహించనిదా అంటే, కాదు. ఇలా ముక్కలు అడిగే ‘రేంజ్’ రిక్వెస్టులతో సర్వర్‌ని పడగొట్టొచ్చని భద్రతా పరిశోధకుడు మిహావ్ జలెవ్‌స్కీ 2007 జనవరిలోనే చెప్పాడు. అప్పటిది బ్యాండ్‌విడ్త్ సమస్య, 2011లోది మెమరీ సమస్య అని సమర్థించేవాళ్ళున్నారు. నిజమే, కానీ అడిగినంతా ఇచ్చేయడమే రెండిటికీ మూలం. ప్యాచ్ వచ్చేదాకా అడ్మిన్లు చేతనైంది చేశారు: ఐదు ముక్కలకి మించి అడిగితే రిక్వెస్టులో ఆ ముక్కల జాబితా ఉండే హెడర్ తీసిపారేయమని కాన్ఫిగ్‌లో రాసుకున్నారు. ఆగస్టు 30న ప్యాచ్‌తో అపాచీ 2.2.20 వెర్షన్ వచ్చింది. హడావుడిగా పెట్టిన హద్దుతో సరైన రిక్వెస్టులూ దెబ్బతిన్నాయి, 2.2.21లో సర్దారు. తయారీదారుల ఇబ్బంది అబద్ధం కాదు.

అయినా 2014లో రేంజ్ రిక్వెస్టుల గురించి చెప్పే హెచ్‌టీటీపీ ప్రమాణమే మారింది. ఇలాంటి మితిమీరిన రేంజ్‌లని సర్వర్ పట్టించుకోకుండా వదిలేయాలి, కలిపేయాలి లేదా తిరస్కరించాలి అని రాశారు. అంటే హద్దు పెట్టడం సర్వర్ పనేనని ఒప్పుకున్నట్టే.

మరుసటి ఏడాదే హెచ్‌టీటీపీ 2 వచ్చింది. అందులో ఒక కనెక్షన్ మీద ఒకేసారి నడిచే రిక్వెస్టులకి హద్దుంది, కానీ రద్దయినవి ఆ లెక్కలోకి రావు. వెనకాల పని మాత్రం నడుస్తూనే ఉండొచ్చు. 2023లో దీన్నే వాడుకున్న ‘ర్యాపిడ్ రీసెట్’ దాడిలో గూగుల్ సెకనుకి 39.8 కోట్ల రిక్వెస్టులు చూసింది. అప్పుడు రద్దు చేసింది క్లయింటు. వెంటనే క్లయింటు రద్దులకి హద్దు పెట్టారు. 2025 ఆగస్టులో బయటపెట్టిన మేడ్‌యూరీసెట్‌లో సర్వర్ చేతే రద్దు చేయిస్తారు, ఆ లెక్క చాలామంది పెట్టుకోలేదు. టామ్‌క్యాట్, నెట్టీ, జెట్టీ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్లన్నీ ప్యాచ్‌లు ఇవ్వాల్సి వచ్చింది.

మన దేశంలో సైట్ నడిపేవాళ్ళకి మాత్రం సాకులు చెల్లవు. కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశం ప్రకారం ఇలాంటి దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాల్సిందే.