ఒకే క్రీడాకారిణి, మూడు జెండాలు: మజ్లిందా కెల్మెండి జూడో వెనుక ఉన్న చరిత్ర

ఒలింపిక్ రికార్డుల్లో మజ్లిందా కెల్మెండి పేరు రెండు దేశాల కింద కనిపిస్తుంది. 2012 లండన్‌లో అల్బేనియా, 2016 రియోలో కొసావో. మధ్యలో, 2014లో రష్యాలో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడైతే ఆమెకు ఏ దేశమూ లేదు. పోడియం దగ్గర పైకి లేచింది అంతర్జాతీయ జూడో సమాఖ్య జెండా. ఈ నాలుగేళ్లలో ఆమె ఊరు మారలేదు, కోచ్ మారలేదు, 52 కిలోల విభాగమూ మారలేదు. మారిందల్లా ఆమె పుట్టిన నేలను దేశంగా ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నదే. 2021లో ఆట నుంచి తప్పుకున్న ఈ చాంపియన్ కథను పతకాల లెక్కతో చెబితే సగమే చెప్పినట్టు.

ఆగ్నేయ ఐరోపాలో ఉన్న కొసావో చాలా చిన్నది. విస్తీర్ణం 10,887 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి నల్గొండ జిల్లా కంటే తక్కువ. జనాభా 20 లక్షల లోపే. ఎక్కువ మంది అల్బేనియన్ భాష మాట్లాడేవాళ్లు, సెర్బులు మైనారిటీ. యుగోస్లావియా ఉన్న రోజుల్లో ఇది సెర్బియాలో భాగంగా స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం. 1989లో సెర్బియా నాయకుడు స్లోబొదాన్ మిలోషెవిచ్ ఆ స్వయంప్రతిపత్తిని లాగేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు అల్బేనియన్లు ఉద్యోగాల నుంచి, ప్రభుత్వ విద్యాసంస్థల నుంచి పెద్ద ఎత్తున బయటికి నెట్టబడ్డారు. ఇళ్లలోనే బడులు నడుపుకున్నారు. ఆటలదీ అదే దారి. ప్రభుత్వ స్టేడియాలు, హాళ్లు చేజారాక ఎక్కడ కాస్త చోటు దొరికితే అక్కడ ఆడుకున్నారు.

ఆ తరంలో నష్టపోయినవాళ్లలో కెల్మెండి కోచ్ డ్రిటన్ కుకా ఒకడు. పశ్చిమ కొసావోలోని పేయా పట్టణం వాడు. యుగోస్లావియా జూడోలో పేరు తెచ్చుకుని 1992 బార్సెలోనా ఒలింపిక్స్ మీద ఆశ పెట్టుకున్న కుర్రాడు. కొసావో అల్బేనియన్ క్రీడాకారులు యుగోస్లావ్ వ్యవస్థ నుంచి బయటికి వచ్చేసినప్పుడు అతనూ వచ్చేశాడు. అతని ఒలింపిక్స్ అక్కడితో అయిపోయింది. ఆ ఏడాదే బార్సెలోనాలో, ఐక్యరాజ్యసమితి ఆంక్షల్లో ఉన్న యుగోస్లావియా క్రీడాకారులు కొందరు స్వతంత్ర క్రీడాకారులుగా ఒలింపిక్ జెండా కింద పోటీపడ్డారు. దేశం లేకపోయినా మనిషి ఆడవచ్చు అన్న వెసులుబాటు ఒలింపిక్ చరిత్రలో అప్పటికే ఉందని చెప్పడానికే ఈ మాట. ఇరవై ఏళ్ల తర్వాత అతని శిష్యురాలికి ఆ వెసులుబాటు దొరకలేదు.

కెల్మెండి 1991 మే 9న పేయాలోనే పుట్టింది. ఏడెనిమిదేళ్ల వయసులో యుద్ధం చూసింది. సెర్బియా బలగాలకూ కొసావో అల్బేనియన్ తిరుగుబాటుదారులకూ మధ్య సాగిన 1998-99 పోరులో తీవ్రంగా దెబ్బతిన్న పట్టణాల్లో పేయా ఒకటి. ఇళ్లు వరసపెట్టి తగలబడ్డాయి, జనం పొరుగు దేశాలకు పారిపోయారు. 1999 మార్చిలో సెర్బియాపై మొదలైన నాటో బాంబు దాడులు జూన్ దాకా సాగాయి. ఆ తర్వాత సెర్బియా బలగాలు వెనక్కి వెళ్లాయి, పాలన ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చింది. ఇదే పేయా అంచున సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చికి అత్యంత పవిత్రమైన పురాతన మఠం ఉంది, యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న కట్టడం. అందుకే ఈ నేల సంగతి సెర్బులకు ఉత్త సరిహద్దు తగాదా కాదు. రెండు వైపులా గాయం ఉన్న చోట ఎగిరే జెండా కాబట్టే అది ఇంత వివాదమైంది.

యుద్ధం ముగిసిన 1999లోనే ఎనిమిదేళ్ల కెల్మెండి జూడోలో చేరింది. కుకా తన ఊళ్లో 'ఇప్పాన్' అనే క్లబ్ నడిపేవాడు. యుద్ధం కాల్చేసిన ఊరికి జూడో ఎందుకు పట్టుబడిందో ఆలోచిస్తే ఆశ్చర్యం అక్కర్లేదు. పెద్ద మైదానం వద్దు, ఖరీదైన సామాను వద్దు. నేల మీద పరిచే మ్యాట్లు, ఒంటి మీద జూడో దుస్తులు, పట్టు వదలని ఒక గురువు ఉంటే మొదలైపోతుంది. అయితే అక్కడి నుంచి ప్రపంచ స్థాయికి వెళ్లడం వేరే సంగతి. జూడోలో ఎదుగుదల అంటే రకరకాల శరీరాలతో, రకరకాల పట్టులతో రోజూ తలపడటం. జపాన్, ఫ్రాన్స్ క్రీడాకారిణులకు అది ఇంటి గడపలోనే దొరుకుతుంది. పేయా పిల్లలు దాని కోసం ఊళ్లు తిరగాలి, దేశాలు తిరగాలి. తిరగడానికి వీసా కావాలి, వీసాకు పాస్‌పోర్టు కావాలి. కొసావో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది 2008 ఫిబ్రవరి 17న. ఆ పాస్‌పోర్టును చాలా దేశాలు ఇప్పటికీ గుర్తించవు.

మరుసటి ఏడాదే, 2009లో, కెల్మెండి పారిస్‌లో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయింది. దాంతో ప్రశ్న మొదలైంది: ఈ అమ్మాయి ఒలింపిక్స్‌కు ఎవరి తరఫున వెళ్తుంది?

ఒలింపిక్ చార్టర్ ప్రకారం కొత్త ఒలింపిక్ కమిటీకి గుర్తింపు రావాలంటే అంతర్జాతీయ సమాజం గుర్తించిన స్వతంత్ర దేశం అయి ఉండాలి. దానితోపాటు కనీసం 5 ఒలింపిక్ క్రీడల అంతర్జాతీయ సమాఖ్యల్లో ఆ దేశ సంఘాలకు సభ్యత్వం ఉండాలి. కొసావో ఒలింపిక్ కమిటీ 1992లోనే ఏర్పడింది, కానీ గుర్తింపు లేదు. టేబుల్ టెన్నిస్ సమాఖ్య 2003లో తలుపు తెరిచింది. తర్వాత ఒక్కో క్రీడా వచ్చి కలిసింది. 2012లో మారియుస్ విజెర్ నాయకత్వంలోని అంతర్జాతీయ జూడో సమాఖ్య కొసావోకు సభ్యత్వం ఇచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బరువైన నిర్ణయం అదేనని నా అభిప్రాయం. రాజకీయ గుర్తింపు కోసం ఆగకుండా, మ్యాట్ మీద ఉన్న మనిషిని చూసి తీసుకున్న నిర్ణయం.

అయినా లండన్‌కు అది అక్కరకు రాలేదు. కొసావో పేరుతో గానీ, స్వతంత్ర క్రీడాకారిణిగా గానీ ఆడనివ్వమన్న అభ్యర్థనను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) ఒప్పుకోలేదు. అదే లండన్‌లో దక్షిణ సూడాన్ మారథాన్ రన్నర్ గ్వోర్ మారియల్ ఒలింపిక్ జెండా కింద పరిగెత్తాడు. కెల్మెండి చేతిలో అల్బేనియా పౌరసత్వం ఉంది, ఆ దారే మిగిలింది. 21 ఏళ్ల వయసులో, తన భాషే మాట్లాడే పొరుగు దేశం జెండా వేసుకుని దిగింది. రెండో రౌండ్‌లో మారిషస్ క్రీడాకారిణి చేతిలో ఓడి ఇంటికి వచ్చింది.

తర్వాత రెండేళ్లలో ఆమె చేసిన పని ఐఓసీ బల్ల మీదికి ఈ ఫైలును మళ్లీ తెచ్చిందంటే అతిశయోక్తి కాదు. 2013 ఆగస్టులో రియోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా బ్రెజిల్‌కే చెందిన ఎరికా మిరాండా, హాలంతా ఆమె వైపే. కెల్మెండి గెలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కొసావో పేరు మీద వచ్చిన తొలి జూడో స్వర్ణం అది. 2014లో రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో రొమేనియాకు చెందిన ఆండ్రియా కిత్సును ఓడించి టైటిల్ నిలబెట్టుకుంది. కొసావోను గుర్తించని ఆతిథ్య దేశం ఆ జెండాను ఎగరనివ్వలేదు. ప్రపంచంలోనే ఆ విభాగంలో అందరికంటే మేటి అని తేలిన రోజున సొంత జెండా చూసుకోలేని ఆటగత్తె మనసులో ఏముంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. తమ తరఫున ఆడమని వేరే దేశాలు డబ్బు ఆశ చూపినా తాను ఒప్పుకోలేదని ఆమె తర్వాత విలేకరులతో చెప్పింది.

2014 డిసెంబర్ 9న ఐఓసీ కొసావోకు పూర్తి గుర్తింపు ఇచ్చింది. సెర్బియా తీవ్రంగా వ్యతిరేకించింది. ఐక్యరాజ్యసమితిలో లేని దేశానికి ఒలింపిక్ ఉద్యమంలో చోటు దొరికింది. 2016 మేలో ఫుట్‌బాల్‌లో యూరప్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ, ప్రపంచ సమాఖ్య ఫిఫా సభ్యత్వాలూ వచ్చాయి. దానికి ఒక నెల ముందు రష్యాలోనే, కజాన్‌లో, కెల్మెండి యూరోపియన్ చాంపియన్ అయింది. ఈసారి ఆ గడ్డ మీదే కొసావో జెండా ఎగిరింది. నీలం మీద బంగారు రంగులో దేశపటం, పైన ఆరు తెల్ల నక్షత్రాలు. వాళ్ల జాతీయ గీతానికి మాటలు లేవు, సంగీతం మాత్రమే. ఏ ఒక్క జాతి భాషకూ పెద్దపీట వేయకూడదని అలా చేసుకున్నారు.

ఆగస్టులో మళ్లీ రియో. ప్రారంభోత్సవంలో తన దేశపు తొలి ఒలింపిక్ జట్టుకు ముందు జెండా పట్టుకుని నడిచింది. రెండు రోజుల తర్వాత, 7వ తేదీన, 52 కిలోల పోటీ. సెమీఫైనల్లో జపాన్‌కు చెందిన మిసాతో నకమురా, ప్రపంచ టైటిళ్లు గెలిచి ఉన్న ప్రత్యర్థి. ఆమెను దాటి ఫైనల్‌కు వచ్చాక ఎదురైంది ఇటలీకి చెందిన ఒడెట్ జుఫ్రిదా. మహిళల బౌట్ అప్పుడు నాలుగు నిమిషాలు. స్కోర్లలో పెద్దది ఇప్పాన్, దానితోనే బౌట్ ముగిసిపోతుంది. తర్వాత వజారి, అన్నిటికంటే చిన్నది యుకో. ఫైనల్‌ను తేల్చింది ఒక్క యుకో. అది దొరికాక మిగిలిన సమయమంతా కాచుకోవాలి. మరీ వెనక్కి తగ్గితే రిఫరీ శిక్ష వేస్తాడు, మరీ ముందుకు దూకితే ఎదుటి మనిషి విసిరేస్తుంది. కాలర్ మీద పట్టు వదలకుండా, నడుము వంగకుండా, అవతలి చేతి పట్టును తెంపుతూ ఒక్కో సెకనూ గడపడం జూడోలో బాగా అలసట తెచ్చే పని. గంట మోగాక కెల్మెండి ఏడ్చేసింది. బార్సెలోనాకు వెళ్లలేకపోయిన కుకాను పట్టుకుని ఏడ్చింది. కొసావోకు అది ఏ క్రీడలోనైనా తొలి ఒలింపిక్ పతకం. యుద్ధం చూసిన చిన్న పేద దేశం నుంచి వచ్చినా ఒలింపిక్ చాంపియన్ కావచ్చని మా పిల్లలకు చూపించానని ఆ రోజు ఆమె చెప్పుకుంది.

ఇంతటితో సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటు. ఐఓసీ గుర్తింపు వేరు, ఆతిథ్య దేశం వీసా వేరు. ఇక్కడ మన దేశం పేరు కూడా చెప్పుకోక తప్పదు. భారత్ కొసావోను గుర్తించలేదు. కాశ్మీర్ విషయంలో లేనిపోని పోలికలకు తావివ్వకూడదన్నదే కారణమని విశ్లేషకులు చెబుతుంటారు. 2018 నవంబర్‌లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు కొసావో బాక్సర్ డొంజెతా సాదికుకు వీసా రాలేదు. మేరీకోమ్ ఆరో ప్రపంచ టైటిల్ గెలిచి దేశమంతా సంబరపడిన పోటీలవి. ఆ అమ్మాయి రింగ్‌లోకి అడుగే పెట్టలేకపోయింది. అదే నెలలో, కొసావోను గుర్తించని స్పెయిన్‌లో, ప్రపంచ కరాటే పోటీలకు కొసావో క్రీడాకారులు తమ జెండా లేకుండా ఆడాల్సి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ షూటర్లకు ఢిల్లీ వరల్డ్‌కప్‌కు వీసాలు రాకపోవడంతో, అంతర్జాతీయ పోటీల ఆతిథ్యంపై భారత్‌తో చర్చలను ఐఓసీ ఆపేసింది. అర్హత ఉన్న ప్రతి క్రీడాకారుడినీ రానిస్తామని కేంద్రం రాతపూర్వకంగా హామీ ఇచ్చాకే, ఆ జూన్‌లో, అది సడలింది. గుర్తించడం, గుర్తించకపోవడం ప్రభుత్వాల ఇష్టం. కానీ దానికి మూల్యం ఇరవై ఏళ్ల బాక్సరో, జూడో క్రీడాకారిణో చెల్లించడం అన్యాయం. ఒలింపిక్స్‌కు ఆతిథ్యం ఇవ్వాలని కోరుకుంటున్న దేశం ఈ సంగతి ముందే తేల్చుకోవాలి.

రియో తర్వాత కెల్మెండి కెరీర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2017లో యూరోపియన్ టైటిల్, 2019లో మిన్స్క్‌లో యూరోపియన్ గేమ్స్ స్వర్ణం, ఆ ఏడాదే టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో హంగరీకి చెందిన రేకా పుప్ చేతిలో మొదటి బౌట్‌లోనే ఓడిపోయింది. కానీ ముందు రోజే 48 కిలోల్లో డిస్ట్రియా క్రాస్నిచి స్వర్ణం గెలిచి ఉంది, మరుసటి రోజు 57 కిలోల్లో నోరా జాకోవా గెలిచింది. ఇద్దరూ పేయా వాళ్లే, ఇద్దరూ కుకా శిష్యులే. ఆ ఏడాదే కెల్మెండి ఆట మానేసి కోచింగ్‌లోకి వచ్చింది. 2024 పారిస్‌లో క్రాస్నిచి 52 కిలోల్లో, అంటే కెల్మెండి విభాగంలోనే, రజతం గెలిచింది. 63 కిలోల్లో లౌరా ఫజ్లియుకు కాంస్యం దక్కింది. ఇప్పటిదాకా కొసావోకు వచ్చిన ఒలింపిక్ పతకాలు ఐదు. ఐదూ జూడోవే, ఐదూ మహిళలవే.

2030 మధ్యధరా క్రీడలకు కొసావో రాజధాని ప్రిష్టినా ఆతిథ్యం ఇవ్వాల్సి ఉంది. ఆ క్రీడల్లో సెర్బియాకూ, స్పెయిన్‌కూ సభ్యత్వం ఉంది. వాళ్ల జట్లు వస్తాయా, వస్తే ఏ షరతుల మీద వస్తాయి అన్నది ఈసారి కొసావో గడ్డ మీదే తేలాలి.