నీళ్ళ తొట్టి చుట్టూ ఉండే మనుషులు

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరడిగిన దానికి అప్పటికప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. "అమ్మమ్మా, నువ్వు చదివింది ఫిజిక్స్ కదా, మరి క్యాన్సర్ మీద పనిచేశానంటావేంటి? డాక్టరువా నువ్వు?" అన్నారు. కాదర్రా. నేను ఏ రోగి నాడీ చూడలేదు, ఎవరికీ మందులు రాయలేదు. యూనివర్సిటీలోని మెడికల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో నా ఉద్యోగం చాలావరకు ఒక నీళ్ళ తొట్టి పక్కనే గడిచింది.

నిజంగా నీళ్ళ తొట్టే. అటు నుంచి ఇటు కనిపించే ప్లాస్టిక్ పెట్టె, నిండా నీళ్ళు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, క్యాన్సర్ చికిత్సకు వాడే రేడియేషన్ కండలోకి ఎలా దిగుతుందో నీళ్ళలోకీ దాదాపు అలాగే దిగుతుంది. అందుకే మనిషిని పడుకోబెట్టే చోట ముందు నీళ్ళు పెట్టి కొలుస్తాం. ఇలా మనిషికి బదులు పెట్టేదాన్ని ఫాంటమ్ అంటారు. తొట్టి పైన ఉండే యంత్రం లీనాక్. అది ఎలక్ట్రాన్లను విపరీతమైన వేగంతో తోలి లోహపు రేకుకు కొట్టిస్తుంది, అక్కడ ఎక్స్-రేలు పుడతాయి. నీళ్ళలో రేడియేషన్‌ను కొలిచే, సన్నటి గొట్టం లాంటి అయాన్ చాంబర్‌ను మోటారు కొంచెం కొంచెంగా కిందికి దించుతూ ఉంటే, ఏ లోతులో ఎంత డోసు పడుతోందో మేం రాసుకుంటాం. 6 మెగావోల్టుల ఎక్స్-రేలకు డోసు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది పైన కాదు, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున. చర్మానికి కొంత ఊరట దొరికేది దానివల్లే. మొదటిసారి లోతును బట్టి డోసు మారే గీత కంప్యూటర్ తెర మీద పైకి లేచి మెల్లగా వాలడం చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో!

డోసును గ్రేలలో కొలుస్తారు. కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి చేరితే ఒక గ్రే. చాలా చికిత్సల్లో రోజుకు 2 గ్రేలు ఇస్తారు. దానికి నీళ్ళు వేడెక్కేది డిగ్రీలో రెండు వేలవ వంతు మాత్రమే. చేత్తో తాకితే తెలియనే తెలియదు, అయినా ఆ డోసు కణంలోని డీఎన్ఏను తెంపగలదు. అంత చిన్న వేడిని కూడా పట్టుకునే పరికరాలు తయారు చేయడానికే ఏళ్ళకేళ్ళు పెట్టేవాళ్ళున్నారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. పీహెచ్‌డీలో చేరిన కొత్త. యంత్రం మీద పగలంతా రోగులకు చికిత్స జరిగేది, మాకు దొరికేవి సాయంత్రాలు, ఆదివారాలు. ఆ సాయంత్రం తొట్టి నింపి, గబగబా కొలతలు మొదలుపెట్టాను. అయాన్ చాంబర్ లోపల ఉండేది గాలి. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, లోపల మిగిలే గాలి తగ్గుతుంది, కొలత తక్కువ వస్తుంది. అందుకే ప్రతిసారీ ఉష్ణోగ్రత, గాలి పీడనం రాసుకుని లెక్క సరిచేయాలి. నేను గోడకున్న థర్మామీటర్ చూసి రాసేశాను. లాగ్‌బుక్‌లో రెండో సంతకం పెట్టడానికి మా టెక్నీషియన్ వచ్చారు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దాయన. పేజీ చూశారు, తొట్టి చూశారు. "నీళ్ళలో చెయ్యి పెట్టి చూశావా అమ్మా?" అన్నారు. పెట్టాను. చల్లగా ఉన్నాయి. చాంబర్ ఉన్నది నీళ్ళలో, నేను రాసింది గది వేడి. తేడా మూడు డిగ్రీలు, లెక్కలో ఒక శాతం. యంత్రం అసలు ఇస్తున్నదానికన్నా ఒక శాతం ఎక్కువ ఇస్తోందని నా పుస్తకం చెబుతోంది. దాన్ని నమ్మి యంత్రాన్ని తగ్గిస్తే, ఆ తర్వాత దాని కింద పడుకునే ప్రతి ఒక్కరికీ ఒక శాతం తక్కువ పడుతుంది.

ఒక శాతమే కదా అని అప్పుడు నా నోటి దాకా వచ్చింది. అనలేదు. ఎందుకంటే చికిత్సలో ఇలాంటి చిన్న తేడాలు ఒకదాని మీద ఒకటి చేరతాయి: యంత్రంలో కొంత, కంప్యూటర్ లెక్కలో కొంత, మనిషి పడుకునే తీరులో కొంత. ఆయన కోప్పడలేదు. నీళ్ళు గది వేడికి వచ్చేదాకా ఇద్దరం కూర్చున్నాం. రాత్రి పొద్దుపోయాక మళ్ళీ కొలిచాం.

ల్యాబ్ అంటే ప్రొఫెసర్, ఆయన చుట్టూ స్టూడెంట్స్ అనుకుంటారు మీరు. అంతే కాదు. కంప్యూటర్‌లో కోట్ల కొద్దీ కిరణాలను ఒక్కొక్కటిగా నడిపించి ఏది ఎక్కడ ఆగుతుందో లెక్కకట్టే ప్రోగ్రామర్లు, రేడియేషన్ సేఫ్టీ చూసే ఆఫీసరు, "ఈ లెక్క బాగుంది, కానీ నా పేషెంట్ అంతసేపు ఊపిరి బిగబట్టి ఉండలేరు" అని చెప్పే డాక్టరు. ఇక వర్క్‌షాప్‌లో లేత్ మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి నేను చెప్తాను.

1956లో కేప్‌టౌన్‌లో అలన్ కార్మాక్ అనే ఫిజిక్స్ లెక్చరర్‌ని, ఫిజిసిస్ట్ లేని ఒక ఆసుపత్రిలో వారానికి కొంత సమయం ఆ పని చూసిపెట్టమన్నారు. అక్కడే ఆయనకు ఒక ప్రశ్న తట్టింది: ఒంటిని కోయకుండా, లోపల ఎక్కడ ఏముందో బయటి కొలతలతో లెక్కగట్టగలమా? పరీక్షించడానికి అల్యూమినియం స్తంభం, దాని చుట్టూ చెక్క ఉన్న గుండ్రటి ముక్క తీసుకుని గామా కిరణాలతో కొలిచారు. లెక్క సరిపోయింది కానీ, నట్టనడుమ మూడు కొలతలు మాత్రం కాస్త తేడాగా వచ్చాయి. వర్క్‌షాప్‌కు వెళ్ళి విచారిస్తే, ఆ స్తంభం మధ్యలో కిరణాలను కాస్త తక్కువగా ఆపే చిన్న మేకు ఉందని తేలింది. ఎవరికీ తెలియని మేకును ఆ లెక్క బయటపెట్టింది! సీటీ స్కాన్‌కు పునాది అయిన ఆ పని గురించి 1963, 1964ల్లో రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1979లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరుతో కలిపి ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇద్దరిలో ఎవరూ డాక్టరు కాదు.

అమ్మాయిలూ, మీకోసం ఇంకొక పేరు. సిల్వియా ఫెడొరుక్. 1951లో కెనడాలోని సస్కచెవాన్ యూనివర్సిటీలో హెరాల్డ్ జాన్స్ దగ్గర విద్యార్థిని. ఆమె ఉన్న బృందం కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థంతో క్యాన్సర్ చికిత్స యంత్రం తయారు చేయించింది. ఆగస్టులో కోబాల్ట్ అమర్చారు, మొదటి రోగిని మాత్రం నవంబరులో గానీ పడుకోబెట్టలేదు. మధ్యలో వారాల తరబడి కొలతలే. అదే దేశంలో ఇంకో బృందం కొద్ది రోజుల ముందే చికిత్స మొదలుపెట్టింది. ముందు మేమే అనిపించుకోవాలని వీళ్ళకు ఉండదా? అయినా కొలతలు పూర్తయ్యాకే రోగి దగ్గరకు వెళ్ళారు. ఆ ఓపిక నాకు చాలా ఇష్టం.

సెలవులకు వచ్చినప్పుడు నా పాత లాగ్‌బుక్ తీసి చూపిస్తాను. నీళ్ళ మరకలున్న పేజీ ఒకటుంది, ఒక వరుస కొట్టేసి కింద కొత్త సంఖ్యలు రాశాను. ఆ పేజీ అడుగున రెండు సంతకాలున్నాయి. రెండోది ఆయనది.

ప్రేమతో,
మీ అమ్మమ్మ