పాత గుడికి వెళ్లేవారి అపోహలు, గోడలు చెప్పే వాస్తవాలు

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. హైదరాబాద్‌లోనూ, చుట్టుపక్కలా ఆలయాల గోడలకు సున్నపు పూత వేయించడం, పగుళ్లు పూడ్పించడం, జిడ్డు పట్టి నల్లబడిన రాతిని శుభ్రం చేయించడం వంటి పనులు చూస్తుంటాను. పరంజా మీద నిలబడితే కింద ప్రదక్షిణలు చేసేవారి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. అక్కడ తరచుగా విన్న కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: హైదరాబాద్‌లో చెప్పుకోదగిన పాత గుళ్లు లేవు, నిజాముల కాలంలో ఎవరూ కట్టనే లేదు.

వాస్తవం: బంధువులు వస్తే మనలో చాలామంది ముందుగా చూపించేది నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం. అది ఎంత అందమైనదైనా 1976లో పూర్తయిన పాలరాతి కట్టడం. పాతదనం చూడాలంటే మంగళ్‌హాట్‌లోని సీతారాంబాగ్ ఆలయానికి వెళ్లాలి. దానిని 1832లో పూరన్‌మల్ గనేరీవాలా అనే వర్తకుడు కట్టించాడు. గుడిమల్కాపూర్‌లోని బాలాజీ ఆలయం మూడవ నిజాం సికందర్ జా కొలువులో ఉన్న ఝాంసింగ్ పేరుతో నిలిచి ఉంది. అదే పేరుతో ఒక మసీదు కూడా దాని పక్కనే ఉంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కథ 1813 నాటి కలరాతో మొదలవుతుంది: ఉజ్జయినిలో సైన్యంతో ఉన్న సురిటి అప్పయ్య, ఇక్కడ వ్యాధి తగ్గితే అమ్మవారికి గుడి కట్టిస్తానని మొక్కుకొని, తిరిగి వచ్చాక 1815లో కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని చెబుతారు. ఇంకా వెనక్కి వెళితే, శాలిబండ దగ్గర ఉన్న మహంకాళి ఆలయం 1686లో హతులైన గోల్కొండ మంత్రులు అక్కన్న మాదన్నల పేరును నేటికీ మోస్తోంది.

అపోహ: రాతి గుడికి నూనె, పసుపు, నిమ్మకాయ దీపాల వల్ల ఏమవుతుంది? అది రాయి కదా!

వాస్తవం: మన కంటికి రాయిగా కనిపించేదంతా రాయి కాదు. ఈ నగరపు పాత కట్టడాల్లో సాధారణంగా లోపల స్థానిక గ్రానైటు, పైన డంగు సున్నపు (గానుగలో మెత్తగా నూరిన సున్నం) పూత ఉంటాయి. గోపురం మీది బొమ్మలు, అంచుల నగిషీలు చాలాచోట్ల ఇటుకకు సున్నం పెట్టి తీర్చినవే. గ్రానైటు నిమ్మరసాన్ని లెక్కచేయదు, కానీ సున్నాన్నీ పాలరాతినీ పులుపు నేరుగా కరిగిస్తుంది. అమ్మవారి గుళ్లలో నిమ్మకాయను కోసి, రసం అక్కడే అరుగు మీద పిండి, డిప్పను తిరగేసి వత్తి వెలిగించే భక్తురాలికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. కొన్నేళ్ల తరువాత ఆ అరుగు అంచు వేలితో గీస్తే రాలిపోయే స్థితికి వచ్చినప్పుడు మాత్రం నాకు కబురు వస్తుంది. నూనె తీరు వేరు. అది రాతిని తినదు, దుమ్మును పట్టుకుంటుంది. ఆ దుమ్మూ కర్పూరపు మసీ కలిసి గట్టిపడిన పెచ్చు కింద శాసనాల అక్షరాలు పూడుకుపోతాయి. ఇక పసుపు సంగతి పారాణి కలిపిన ప్రతి ఇల్లాలికీ తెలుసు: సున్నం తగిలితే ఎర్రబడుతుంది. కొత్తగా సున్నం కొట్టిన గోడకు భక్తితో అద్దిన పసుపు చేతులు మర్నాటికి ఎర్రటి మరకలై కనిపించిన రోజున మా మేస్త్రి ముఖం చూడవలసింది. గడపకు, అర్చకులు చూపిన చోట పసుపు కుంకుమలు పెట్టడాన్ని నేను కాదనను. నేను వద్దనేది చేయి అందిన ప్రతి స్తంభాన్నీ అలంకరించడాన్నే.

అపోహ: గుడికి ఏటా నిగనిగలాడే రంగులు వేయిస్తే బాగా చూసుకుంటున్నట్టే.

వాస్తవం: దాతలకు అన్నిటికంటే చెప్పడానికి కష్టమైన మాట ఇదే. పాత గోడ నేల నుంచి చెమ్మను పీలుస్తుంది, సున్నపు పూత గుండా దానిని బయటికి వదులుతుంది. దాని మీద ఎనామిల్ రంగు పూస్తేనో, సిమెంటుతో అతుకు వేస్తేనో తేమకు దారి మూసుకుపోతుంది. అప్పుడు అది మోసుకొచ్చిన ఉప్పు పూత వెనుకే గడ్డకట్టి, పొరను లోపలి నుంచి నెట్టి ఊడగొడుతుంది. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఆలయ మండపంలో తొందరపడి నేనే సిమెంటు అతుకు వేయించాను; రెండు వానాకాలాలు గడిచేసరికి అతుకు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ ఉన్న పాత సున్నం మాత్రం రాలిపోయింది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి సున్నాన్ని నానబెట్టి, నూరి, పలుచని పొరలుగా ఎక్కించే పద్ధతికి రోజులు పడతాయి, కూలి కూడా ఎక్కువే. అయినా పాత గోడకు సరిపడేది అదే.

అపోహ: ఆవరణలో పావురాలకు గింజలు వేయడం పుణ్యం.

వాస్తవం: పుణ్యం సంగతి పెద్దలకు వదిలేస్తాను. వాటి రెట్టలోని ఆమ్లం గోపురం మీది సున్నపు బొమ్మలను తినేస్తుంది. గింజలు వేయదలచుకుంటే గుడికి దూరంగా వేయండి.

అపోహ: పాత గుళ్లన్నిటినీ పురావస్తు శాఖ చూసుకుంటుంది.

వాస్తవం: రక్షిత కట్టడాలుగా ప్రకటించినవే ఆ శాఖ కిందికి వస్తాయి. నగరంలో నిత్యపూజలు జరిగే గుళ్లలో చాలావాటి వ్యవహారం దేవాదాయ శాఖదో, వంశపారంపర్య ధర్మకర్తలదో. కనుక పగులు కనిపిస్తే ముందుగా ఆలయ కార్యాలయంలోనే చెప్పాలి.

అపోహ: గుడిలో ఫోటో తీయడమే అపచారం.

వాస్తవం: గర్భాలయంలో తీయకూడదన్న నియమాన్ని పాటించవలసిందే. బయట అనుమతి ఉన్నచోట తీసిన ఫోటోలు మాత్రం మాకు ఎంతో విలువైనవి. ఒక గోపురంపై చేయి విరిగిన ద్వారపాలకుడి బొమ్మను తిరిగి చేయవలసి వచ్చినప్పుడు, ఆ చేతిలో ఏముండేదో ఎవరికీ గుర్తులేదు. చివరకు సమీపంలోని ఒక కుటుంబం తమ పెళ్లి ఆల్బం తెచ్చి చూపింది. వధూవరుల తలల పైన, కొంచెం మసకగా, ఆ చేయీ గదా కనిపించాయి. మీ ఇంట్లోనూ పాత గుడి ముందు దిగిన ఇలాంటి ఫోటోలు ఉంటే, ఈసారి దర్శనానికి వెళ్లినప్పుడు వాటి నకళ్లను కార్యాలయంలో ఇచ్చి రండి. వెనుక సంవత్సరం రాయడం మరవకండి.