డిప్రెషన్‌కి బీమా ఉందట, పక్కన తాగుడు అని రాస్తే లేదట

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా అనంతపురం వాళ్ల ఇంట్లో మొన్న ఆ ఇంటాయన డిశ్చార్జ్ సమ్మరీ చూశాను. డిప్రెషన్ అని ఒక లైను, దాని కిందే మద్యం వ్యసనం అని ఇంకో లైను. ఆ రెండో లైను పట్టుకుని క్లెయిమ్ మొత్తం రిజెక్ట్ చేశారు. "దిగులు ముందొచ్చిందండీ, తాగుడు తర్వాతే" అంటుంది ఆయన భార్య. ఈ గొడవ మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి అసలు మెలిక ఎక్కడ పడిందో చెప్పాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందులతో ముడిపడ్డ మానసిక స్థితుల్ని కూడా మానసిక జబ్బుల్లోనే కలిపింది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలని 21(4) సెక్షన్‌లో రాసింది, 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకు అదే చెప్పింది. తీరా 2019 సెప్టెంబరులో, పాలసీల్లో పెట్టుకోదగ్గ మినహాయింపుల్ని ఒక మూసలో పెట్టినప్పుడు, 12వ నంబరు కింద తాగుడుకీ ఏ వ్యసనానికైనా చేసే చికిత్సనీ, "వాటి పర్యవసానాల్నీ" చేర్చారు. నా దృష్టిలో మొత్తం తిరగబడింది ఇక్కడే, ఎందుకంటే పర్యవసానం అన్న మాటలోకి దిగుల్నీ లాగొచ్చు, నిద్రపట్టకపోవడాన్నీ లాగొచ్చు.

కోరి తెచ్చుకున్న అలవాటుకి అందరి ప్రీమియం ఎందుకు పెట్టాలన్నది కంపెనీల వాదన.

కానీ ఏది ముందన్నది ఆసుపత్రిలో చేరిన రోజే తేలదు. 1988లో అమెరికాలో 191 మంది మద్యం వ్యసనపరుల్ని చూస్తే, చేరిన కొత్తలో 42 శాతం మందికి గట్టి డిప్రెషన్ లక్షణాలుండేవి, మానేసి నాలుగు వారాలయ్యాక 6 శాతానికే మిగిలాయి. అంటే తాగుడుకి చేసే వైద్యం చాలామందికి దిగులుకి చేసే వైద్యం కూడా, మిగిలిన ఆ కొద్దిమందికి వేరే మందులు కావాలి, ఎవరు ఏ కోవో తేలడానికి నెల పడుతుంది. సిగరెట్‌దీ ఇదే తీరు. టెన్షన్ తగ్గిందనిపించేది నికోటిన్ కోసం పుట్టిన చిరాకు కాసేపు చల్లారడం వల్ల. 2014లో 26 అధ్యయనాల్ని కలిపి చూస్తే మానేసినవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ రెండూ తగ్గాయి.

"మానేస్తే పోలా" అనేవాళ్లు 2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకోవాలి. మద్యం షాపులు మూతపడ్డ కొద్ది రోజులకే బెంగళూరు ఆసుపత్రులకు తాగుడు ఒక్కసారిగా ఆగిపోయి మతి తప్పినవాళ్ల రాక దాదాపు రెట్టింపైంది.

మారతహళ్లి ఆవిడ ఇప్పుడు బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్‌కి రాయబోతోంది. బీరువాలో ఆయన దిగులుకి రాసిన 2016 నాటి మందుల చీటీ ఒకటి దొరికింది, అందులో తాగుడు మాటే లేదు.