మా అనంతపురం రైతులు నమ్మే మాటలు, పథకాల అసలు సంగతులు

నేను అనంతపురం జిల్లాలో ఒక రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుడిగా పని చేస్తున్నాను. ముంగారి (ఖరీఫ్) మొదలైతే చాలు, రోజంతా ఒకటే ప్రశ్న: "సార్, అందరికీ పడింది, నాకెందుకు పడలేదు?" అడిగేవాళ్లలో చాలామంది అర్హులే. పథకం లేక కాదు వాళ్లు నష్టపోయేది, ఆ పథకం దేన్ని చూసి డబ్బు ఇస్తుందో తెలియక. ఒకటి పాస్‌బుక్‌లో పేరు చూస్తుంది. ఒకటి చేలో నిలబడి ఉన్న పంటను చూస్తుంది. ఇంకొకటి మండలంలో కురిసిన వానను చూస్తుంది. ఒకదానికి చేసిన పని మిగతావాటికీ సరిపోతుందనుకున్న చోటే డబ్బు చేజారుతోంది. రచ్చకట్టల మీద, వాట్సాప్‌లో తిరిగే మాటల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పీఎం కిసాన్ డబ్బు పడలేదంటే లిస్టులోంచి పేరు తీసేశారు.

చాలాసార్లు పేరు లిస్టులోనే ఉంటుంది. డబ్బు ఇంకో ఖాతాలో పడి ఉంటుంది. ఈ డబ్బు మీరు రాసిచ్చిన ఖాతా నంబర్‌కు కాదు, మీ ఆధార్‌కు చివరిగా లింకైన ఖాతాకు వెళ్తుంది. సిమ్ కార్డు తీసుకునేటప్పుడో, గ్యాస్ సబ్సిడీ కోసమో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా ఉంటే ముందు అది చూసుకోండి. ఆ తర్వాత ఈకేవైసీ (ఆధార్‌తో మీరేనని ధ్రువీకరించుకోవడం), భూమి వివరాలు ఆన్‌లైన్‌లో సరిగ్గా ఎక్కాయో లేదో చూద్దాం.

కేంద్రం ఇచ్చేది ఏడాదికి రూ.6,000, రెండేసి వేల చొప్పున మూడు విడతలు. 2025 ఆగస్టు నుంచి రాష్ట్రం అన్నదాత సుఖీభవ కింద రూ.14,000 కలుపుతోంది, మొత్తం రూ.20,000. ఇది కుటుంబానికి ఒకటే. భార్య పేరున రెండెకరాలు, భర్త పేరున మూడెకరాలు ఉన్నంత మాత్రాన రెండుసార్లు రాదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, నెలకు రూ.10,000 లేదా అంతకు మించి పింఛను తీసుకునే చాలామంది రిటైర్డ్ ఉద్యోగులకు పీఎం కిసాన్ వర్తించదు.

ఇంకో పెద్ద సమస్య చనిపోయిన తండ్రి పేరు మీదే మిగిలిపోయిన భూమి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఏళ్ల తరబడి సేద్యం చేస్తుంటారు, పాస్‌బుక్ మాత్రం మారదు. ఈ పథకం చూసేది పట్టాలో పేరును, మడక పట్టిన చేతిని కాదు. మ్యుటేషన్ (రికార్డుల్లో వారసుల పేరుకు మార్పు) చేయించుకోనంత కాలం ఆ కుటుంబానికి ఈ డబ్బు రాదు.

అపోహ: కౌలు కార్డు మీద సంతకం పెడితే భూమి పోతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే. ఊళ్లో గుత్తకు (కౌలుకు) చేసేవాళ్లు చాలామంది ఉన్నా కార్డు ఉన్నవాళ్లు కొద్దిమందే. భూ యజమానిని అడిగితే "రేపు నాదే అంటాడప్పా" అంటాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చింది. దాంతో కాగితం మీద కౌలు రాయాలంటేనే యజమానులు వెనక్కి తగ్గడం మొదలైంది.

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ భయం పోగొట్టడానికే తెచ్చారు. ఆ చట్టం కింద ఇచ్చే సీసీఆర్సీ కార్డు (కౌలు కార్డు అనేది దీన్నే) గడువు 11 నెలలు. అది పంట మీద హక్కే ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. యజమాని పట్టా, అడంగల్‌లో (గ్రామ భూమి, సాగు రికార్డులో) అతని పేరు, పీఎం కిసాన్ డబ్బు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. గడువు తీరాక మళ్లీ అతను ఒప్పుకుంటేనే కొత్త కార్డు.

ఆ సంతకం లేకపోతే కౌలు రైతుకు ఏం పోతుందో యజమానులు ఒక్కసారి ఆలోచించాలి. బ్యాంకులో పంట రుణం దొరకదు, నూటికి రెండు, మూడు రూపాయల నెల వడ్డీకి బయట అప్పు తేవాలి. పంట పోతే పరిహారం అడగడానికి చేతిలో కాగితం ఉండదు. పండిన కందులు ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధరకు అమ్ముదామంటే కొనుగోలు లిస్టులో పేరు ఉండదు. కష్టమంతా ఒకరిది, పేరు ఇంకొకరిది అవుతోంది. ఒక చిక్కు మాత్రం నిజం: అదే సర్వే నంబర్ మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు కౌలు రైతుకు ఇవ్వదు. ఆ విషయం సంతకానికి ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి. రుణం రాకపోయినా మిగతా వాటికి కార్డు పనికొస్తుంది, కాబట్టి తీసుకోవడం మానొద్దు.

అపోహ: పాస్‌బుక్ ఉంది కదా, ఈ-పంట ఎందుకు?

పాస్‌బుక్ చెప్పేది భూమి ఎవరిదని. ఈ ఏడాది అందులో ఏం వేశారు, ఎవరు వేశారు అన్నది ఈ-పంట, అంటే ఆన్‌లైన్ పంట నమోదు, చెబుతుంది. పంట నష్ట పరిహారం, బీమా, మద్దతు ధర కొనుగోలు, ఈ మూడింటికీ ఆధారం అదే. పంట చేలో ఉండగానే నమోదు కావాలి, రైతు ఈకేవైసీ పూర్తి చేయాలి. కోత అయిపోయాక వచ్చి "రాసుకోండి సార్" అంటే నా చేతిలో ఏమీ ఉండదు.

మన దగ్గర వేరుశనగలో కంది సాళ్లు వేయడం మామూలే. నమోదుకు వచ్చినప్పుడు "శనక్కాయ" అని ఒక్కటే చెప్పి వెళ్లిపోతారు. తీరా కందులు చేతికొచ్చి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే కంది వేసినట్టు లెక్కలో ఉండదు. అంతర పంట ఉంటే రెండూ చెప్పండి. ముసాయిదా జాబితా రైతు సేవా కేంద్రం దగ్గర పెడతారు. పేరు, సర్వే నంబర్, పంట, విస్తీర్ణం నాలుగూ చూసుకోండి. తప్పుంటే ఆ గడువులోనే దిద్దుకోవచ్చు.

అపోహ: బీమా ప్రభుత్వమే కడుతుంది, నా చేను ఎండితే డబ్బు వస్తుంది.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది ప్రీమియం సంగతి. కొన్నేళ్లు రాష్ట్రంలో రైతు వాటా కూడా ప్రభుత్వమే భరించింది. 2024-25 రబీ నుంచి రైతు తన వాటా కట్టాలి. ఆహార పంటలకు, నూనెగింజలకు ఖరీఫ్‌లో బీమా మొత్తంలో 2 శాతం, రబీలో 1.5 శాతం. పత్తి లాంటి వాణిజ్య పంటలకు, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం కడతాయి. బ్యాంకు రుణం ఉన్నవాళ్లకు ఖాతాలోంచే కోస్తారు. వద్దనుకుంటే గడువుకు ఏడు రోజుల ముందే బ్యాంకుకు రాసివ్వాలి. రుణం లేనివాళ్లు సొంతంగా వెళ్లి కట్టాలి. ఎవరో కట్టి ఉంటారులే అనుకున్నవాళ్లు ఈ మార్పు తర్వాత చాలామంది బయటే ఉండిపోయారు.

రెండోది ఇంకా లోతైనది. దిగుబడి ఆధారిత బీమాలో ఊరినో, మండలాన్నో ఒక యూనిట్‌గా తీసుకుంటారు. పంట కోత ప్రయోగాల్లో (కొన్ని చేలల్లో కోసి దిగుబడి తూచే పరీక్షల్లో) ఆ యూనిట్ సగటు దిగుబడి నిర్ణయించిన స్థాయి కంటే తగ్గితే, అక్కడ బీమా కట్టిన అందరికీ ఒకే లెక్కన వస్తుంది. మీ ఒక్కరి చేను పోయి ఊరంతా బాగా పండితే రాదు. వడగళ్లు, నీట మునగడం లాంటి స్థానిక విపత్తుకు మాత్రం విడిగా మీ పొలాన్నే చూస్తారు. కోసి చేలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపానుకో, అకాల వానకో తడిసినా అంతే. అయితే 72 గంటల్లోపు తెలియజేయాలి. 14447కి ఫోన్ చేయొచ్చు, లేదా మా దగ్గరికి రావొచ్చు. పండగ అయిపోయాక చెబుదామంటే గడువు దాటిపోతుంది.

వేరుశనగ సంగతి వేరు. మన జిల్లాలో అది వాతావరణ ఆధారిత బీమా కిందికి వస్తుంది. ఇందులో ఎవరూ చేలోకి వచ్చి చూడరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత వాన పడాలి, ఎన్ని రోజులు చినుకు లేకపోతే బెట్ట కింద లెక్క అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. వాతావరణ కేంద్రంలో నమోదైన అంకెలు దానికి తగ్గితే డబ్బు వస్తుంది, లేకపోతే రాదు.

మన వానల తీరు తెలిసినవాళ్లకు ఇందులో లోటు ఎక్కడుందో వెంటనే అర్థమవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే చోట, ఆ పడేదైనా వంక ఇవతల ఒక తీరు, అవతల ఒక తీరు. వాన కొలిచే మిషన్ ఉన్న చోట పదునైన వాన, నాలుగు మైళ్ల దూరంలో దుమ్ము. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయంలో అలా జరిగితే చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకితే కాయ ఉండదు. అంకెల్లో మాత్రం వాన పడినట్టే. ఇది రైతు తప్పు కాదు, నా దృష్టిలో పథకంలోనే ఉన్న లోపం. ఊరూరా వర్షమాపకాలు పెట్టాలని, ఆ రోజువారీ అంకెలు గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలని గ్రామసభల్లో గట్టిగా అడగాలి. కట్టే ముందు మీ పంట ఏ రకం బీమాలో ఉందో, ఏ కేంద్రం అంకెలు మీకు వర్తిస్తాయో నన్ను అడగండి.

అపోహ: ఇన్‌పుట్ సబ్సిడీ అంటే బీమానే.

కాదు. దీనికి ప్రీమియం లేదు, ఇది విపత్తు సహాయం. పంట 33 శాతం లేదా అంతకంటే ఎక్కువ నష్టపోతేనే ఇస్తారు. 2022లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం హెక్టారుకు మెట్ట పంటలకు రూ.8,500, నీటి వసతి ఉన్నవాటికి రూ.17,000, పండ్ల తోటల లాంటి బహువార్షిక పంటలకు రూ.22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. కొన్ని పంటలకు రాష్ట్రం ఇంకొంత కలుపుతుంది. మెట్ట ఎకరాకు లెక్క వేస్తే దాదాపు రూ.3,400. వేరుశనగ విత్తనం ఖర్చు కూడా పూర్తిగా తీరదు. కరవు అయితే ముందు మీ మండలాన్ని కరవు మండలంగా ప్రకటించాలి. బీమా కట్టినవాళ్లు దీనికి అనర్హులు అన్న మాట తప్పు. రెండూ రావొచ్చు.

అపోహ: మద్దతు ధర ప్రకటించారు కాబట్టి అంతకు తక్కువకు కొనడం నేరం.

అలాంటి చట్టం లేదు. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాకు రూ.7,263, కందికి రూ.8,000. వ్యాపారి అంతకంటే తక్కువకు కొంటే కేసు కాదు. ప్రభుత్వం మార్క్‌ఫెడ్ (రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ) లాంటి సంస్థల ద్వారా కేంద్రాలు తెరిచి కొన్నప్పుడే ఆ ధర నిజంగా అందుతుంది. అక్కడ కూడా ఈ-పంటలో పేరు, తేమ శాతం చూస్తారు. కందిలో తేమ 12 శాతం దాటితే వెనక్కి పంపుతారు. బాగా ఎండబెట్టి తెస్తే లారీ బాడుగ వృథా కాదు.

మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అని చెప్పే లెక్కలో చేతి ఖర్చులు, కట్టిన కౌలు, ఇంటివాళ్ల కష్టం ఉంటాయి. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ ఉండవు. రైతు సంఘాలు అడిగేది అవి కూడా కలపమనే.

ఉల్లికి, టమాటాకు అసలు మద్దతు ధరే లేదు. 2025లో కర్నూలు ఉల్లి ధర కూలిపోయినప్పుడు రాష్ట్రం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా రూ.1,200కు కొనిపించి, తర్వాత హెక్టారుకు రూ.50,000 సాయం ప్రకటించింది. అది ఆ ఏడాది పరిస్థితికి తీసుకున్న నిర్ణయం, ఏటా ఉండే హక్కు కాదు. వచ్చే ఏడాదీ ఇస్తారని నమ్మి ఉల్లి విస్తీర్ణం పెంచొద్దు.

అపోహ: ఎలాగూ మాఫీ వస్తుంది, పంట రుణం కట్టకపోతేనే లాభం.

2008లో కేంద్రం, 2014 తర్వాత రాష్ట్రం మాఫీ చేశాయి కాబట్టి ఈ ఆశ పోదు. కానీ చూస్తూ కూర్చున్న కాలానికి ఖర్చు ఎంతో లెక్క వేయండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద రూ.3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయలకు ఏడాదికి రూ.4,000. గడువు దాటితే ఆ రాయితీ పోయి బ్యాంకు మామూలు వడ్డీ వేస్తుంది. ఖాతా మొండి బకాయిలో పడితే మళ్లీ రుణం పుట్టదు, అప్పుడు బంగారం తాకట్టు పెట్టాలి, లేదా బయట వడ్డీకి వెళ్లాలి.

2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షల వరకు వ్యవసాయ రుణాలకు బ్యాంకులు తాకట్టు అడగకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అయినా కొన్నిచోట్ల బంగారం పెట్టమంటున్నారు. అలా అడిగితే ఎందుకో రాతపూర్వకంగా ఇవ్వమనండి. బ్యాంకు సమాధానం సరిగ్గా లేకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే కార్డు, పాస్‌బుక్ జిరాక్స్‌లు పట్టుకుని మా కేంద్రానికి రండి, కూర్చుని రాసిస్తాను.