టెంటా, కారా, నులకమంచమా? క్యాంపింగ్‌పై అపోహలు - వాస్తవాలు

క్యాంపింగ్‌కి వెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది, ఏ టెంట్ కొనాలని. నేను తిరిగి అడిగేది మూడు ప్రశ్నలు: ఎక్కడికి, ఏ నెలలో, వెంట ఎవరెవరు? పాడేరు ఏజెన్సీలోనూ గండికోటలోనూ క్యాంపులు నడపడం నా పని. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ రకం క్యాంపింగ్ కావాలో దానంతటదే తేలిపోతుంది. కానీ చాలామంది మనసులో ముందే పాతుకుపోయిన నమ్మకాలు అడ్డొస్తుంటాయి.

అపోహ: సొంత టెంట్ మోసుకెళ్లి, సొంతంగా వేసుకుంటేనే అసలైన క్యాంపింగ్.

వాస్తవం: రాత్రి ఆరుబయట గడపాలి, హాయిగా నిద్ర పట్టాలి. అంతే. మంచాలు వేసి ఉంచిన టెంట్ అయినా, కారయినా, చెట్ల మధ్య కట్టిన ఊయలయినా, ఎండాకాలంలో దోమతెర కట్టిన నులకమంచమయినా క్యాంపింగే. మీలో ఎవరికి నిద్ర త్వరగా చెడుతుందో వాళ్లను బట్టి ఎంచుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను నేల మీద పడుకోబెడితే తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ సరదా పోతుంది. గండికోటలో అయితే పెద్దవాళ్లకి టూరిజంవాళ్ల హరిత హోటల్లో గది తీసుకుని, కుర్రాళ్లు టెంట్లలో ఉండటం మంచి పద్ధతి.

అపోహ: చలికి రెండు మందపాటి దుప్పట్లు ఉంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది వణికిపోయేది ఇక్కడే. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 5 డిగ్రీల లోపుకి పడిపోయే రోజులుంటాయి. అప్పుడు ఒంట్లో వేడిని లాగేసేది గాలి ఒక్కటే కాదు, కింద నేల కూడా. మీద ఎన్ని కప్పుకున్నా వీపు చల్లబడుతూనే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్‌లో కూడా మన బరువుకి కింది దూది నలిగిపోయి, ఆ వైపు వెచ్చదనం ఉండదు. అందుకే డబ్బు ముందు మ్యాట్ మీద పెట్టండి. గాలి నింపే మామూలు పరుపు మెత్తగా ఉంటుంది గానీ లోపలి గాలి చల్లబడిపోతుంది. మందపాటి ఫోమ్ మ్యాట్ నయం. ఊళ్లో దొరికితే టెంట్ కింద వరిగడ్డి పరవండి, చాలా తేడా తెలుస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ మీద రెండు ఉష్ణోగ్రతలుంటే ‘కంఫర్ట్’ అన్నదే చూడండి. ‘లిమిట్’ అన్నది ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపే స్థాయి.

అపోహ: టెంట్ లోపల తడి కనిపించిందంటే అది కారుతున్నట్టే.

వాస్తవం: పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి వచ్చినవాళ్లు పొద్దున్నే చేసే ఫిర్యాదు ఇది. జిప్పులన్నీ బిగించి పడుకుంటే మన ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకి తగిలి బొట్లు కడుతుంది. వాన కారితే సాధారణంగా కుట్ల దగ్గర, మూలల్లో ముందు తడుస్తుంది. ఊపిరి తేమ అయితే పైకప్పంతా సన్నటి చెమట పట్టినట్టుంటుంది. చలి వేసినా సరే, పైన గాలి కిటికీ తెరిచి ఉంచండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట, దయచేసి గుర్తుంచుకోండి. టెంట్‌లోకి బొగ్గుల కుంపటి తీసుకెళ్లొద్దు, మంట ఆరిపోయి నిప్పులే మిగిలినా వద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

అపోహ: మంచి టెంట్ ఒకటి కొంటే ఎక్కడికైనా సరిపోతుంది.

వాస్తవం: గండికోటలో చాలాచోట్ల రాతి నేల, టెంట్‌ను నేలకి బిగించే మేకులు (పెగ్గులు) దిగవు. పెగ్గులు లేకుండా నిలబడే డోమ్ టెంట్ తెచ్చుకుని, తాళ్లను పెద్ద రాళ్లకి కట్టాలి. పెన్నా లోయ అంచున గాలి జోరు ఎక్కువ, రాత్రి లేచి నడిచేవాళ్లకి ప్రమాదం కూడా. ఫొటో కోసం అంచున టెంట్ వేయమని ఎవరడిగినా నేను ఒప్పుకోను. కడప వైపు ఏప్రిల్, మే నెలల్లో టెంట్ ఊసే ఎత్తొద్దు, నులకమంచమే శరణ్యం.

అపోహ: టెంట్ మీద ‘నలుగురికి’ అని రాసుంటే నలుగురు పడతారు.

వాస్తవం: పడతారు, సామాను బయట పెడితే. ముగ్గురనుకోండి.

అపోహ: కారులో, ఊయలలో పడుకోవడానికి ఏ ఏర్పాటూ అక్కర్లేదు.

వాస్తవం: కారులో ఇంజిన్ ఆపేసి, అద్దాలు రెండు వైపులా కొద్దిగా దించి, దోమతెర గుడ్డ కట్టుకోవాలి. ఊయలకి బలమైన చెట్లు, వెడల్పాటి పట్టీలు కావాలి. కింద నుంచి గాలి తగులుతుంది కాబట్టి అందులోనూ మ్యాట్ తప్పదు.

అపోహ: అడవి అందరిదీ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ టెంట్ వేసుకోవచ్చు.

వాస్తవం: నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ రెండూ టైగర్ రిజర్వులు. అనుమతి లేకుండా అక్కడ రాత్రి బస చేయడం నేరం, జంతువులకీ ఇబ్బంది. అడవిలోనే పడుకోవాలని ఉంటే అటవీ శాఖ అనుమతించిన క్యాంపుల్లోనే బుక్ చేసుకోండి. బుక్ చేసేముందు ఫోన్ చేసి కింద మ్యాట్ ఇస్తారా, బాత్రూమ్ ఎంత దూరం, రాత్రి కాపలా ఎవరుంటారు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వేరే క్యాంపు చూసుకోండి.